మడిలో దిగిన ఇనప పళ్ళు

నాగాయలంక,
5-9-1958

ప్రియమైన ధనుంజయ బావకు,

అమ్మ పాదం చీల్చినవాడు గోవర్ధనరావు. మీ గుడివాడ వర్క్‌షాపు యజమానే. జపాను పద్ధతి వరినాట్లకని అతను అమ్మిన కలుపు యంత్రాలకు పళ్ళు ఉక్కు రేకుతో చేయించకుండా పోత ఇనుముతో పోయించాడు. తాటివేరు తగిలితే చాలు, పెంకులా విరుగుతున్నాయి. విరిగిన ముక్క బురదలో నిలబడి ఉంటే అమ్మ దానిమీద కాలేసింది. మడమ దాకా చీరుకుపోయింది. ఒళ్ళు కాలిపోతోంది.

పదిహేనో తేదీ సోమవారం రెండో కలుపు. ఆడవాళ్ళంతా అవే మళ్ళలోకి వట్టికాళ్ళతో దిగాలి. "దిగకపోతే కూలి లేదు, దిగితే కాలు లేదు" అంటోంది అమ్మతో కలుపుకెళ్ళే శేషమ్మత్త.

లాభాన్ని చూసి లోహాన్ని ఎంచేవాడు మనిషిని లెక్కచెయ్యడని కరపత్రాల్లో చదివాను. ఇప్పుడు కళ్ళారా చూశాను. వచ్చే వారం జనాన్ని తెచ్చి మీ గేటు మూయిస్తాను. లోపలివాళ్ళను నువ్వు బయటికి తీసుకురా.

రక్తం మరుగుతున్న నీ బావమరిది,
వెంకటపతి

గుడివాడ,
8-9-1958

ప్రియమైన వెంకటపతికి,

తిట్టేటప్పుడు పేర్లన్నీ రాయరా. గోవర్ధనరావు గారు మొదట రేకు కత్తిరించే మిషను తెప్పించబోయారు. అడ్డం పడింది మేం, పోత పనివాళ్ళం. పళ్ళు రేకువైతే కొలిమి దగ్గర మాకేం పని? "పోతయితే చక్రం, పళ్ళు ఒక్క అచ్చులోనే దిగుతాయండీ, చవక" అని ఆయనకు చెప్పింది నేనే. ఆయనకు ఖర్చు తగ్గింది, మాకు పని దక్కింది. విరుగుతాయని ఇద్దరికీ తెలుసు. ఆ మడిలో ఎవరు దిగుతారో ఇద్దరం ఆలోచించలేదు.

గేటు మూస్తే మీ అక్క వీరలక్ష్మి పొయ్యి ఆరుతుంది. నీ ఇష్టం. నీ ఉత్తరం చదివి, "మా అమ్మ కాలు కోసిన చేత్తోనే అన్నం కలుపుకుంటున్నారా?" అంది. కంచం ముందు నుంచి లేచిపోయాను.

అత్తయ్యకు ముఖం చూపలేని,
ధనుంజయరావు

నాగాయలంక,
10-9-1958

ప్రియమైన బావకు,

నీ ఉత్తరం చింపేయబోయాను. యజమానిని తిట్టడం సులువు, నిన్నేమని తిట్టను? నేను రాసుకున్న ఉపన్యాసంలో నీలాంటివాడికి చోటే లేదు. "అల్లుణ్ణి ఏమీ అనకురా, పిల్ల కాపరం" అని అమ్మ జ్వరంలోనే గొణుగుతోంది. ఆమె మీదా అరిచాను.

నిన్న మా కమ్మరీ నేనూ ఓ విరిగిన చక్రం తీసుకుని, పన్ను ఊడినచోట బెజ్జం వేసి, రేకు పన్ను రివెట్లతో బిగించాం. వేరుకేసి బాదితే వంగింది, విరగలేదు. సుత్తితో కొడితే మళ్ళీ నిటారైంది. చక్రం మీరే పోయండి, పళ్ళు మాత్రం రేకువి పెట్టించండి. ధర పెరుగుతుంది, నిజమే. మీ కొలిమి ఆరదు. యజమాని ఒప్పుకోకపోతే అప్పుడు గేటు దగ్గరికి వస్తాను. నాకంటే ముందు నువ్వుండాలి.

కానీ కొత్త చక్రం వచ్చినంత మాత్రాన బురదలోవి పైకి రావు. ఆడవాళ్ళు దిగేలోగా ఏరాలి. నీళ్ళు తీయడానికి రైతులు ఒప్పుకున్నారు. యంత్రం వరసల మధ్యే నడిచింది కాబట్టి ముక్కలు ఆ సాళ్ళలోనే ఉంటాయి. మీ పోత ఇసుకలో ఇనప రజను ఏరే అయస్కాంతాలు తీసుకుని, ఆ పళ్ళు పోసినవాళ్ళంతా శనివారం సాయంత్రం బస్సుకు రండి. గోవర్ధనరావునూ తీసుకురా. బూట్లు గట్టుమీద విప్పి దిగాలని ముందే చెప్పు.

ఇంకా కోపం చల్లారని,
వెంకటపతి

తా.క. ఆదివారం పొద్దున ఏడు గంటలకు, కాలవ లాకుల పక్క మడి గట్టు మీద మీకోసం చూస్తుంటాను.