పెట్టలు గుడ్లకు వచ్చాయి

కురిచేడు, మంగళవారం.

అనూష నాయనకు,

అమ్మాయి, పసిబిడ్డ ఇద్దరూ బాగున్నారు. ఫోనులో నీకు వినపడదు కాబట్టి కార్డే రాస్తున్నాను.

ఏడో నెల వచ్చినా మన పెట్టలు గుడ్డు పెట్టలేదని, ఆదివారం రెండింటినీ కోయిస్తానని రాశావు. కత్తి జోలికి పోవద్దు. నిన్న పక్కింటి గురవమ్మ ఫోన్ చేసింది. "అత్తా, వారం నుంచి మీ పెట్టలు పొద్దున పదింటికల్లా ఒకటే అరుపు. మామ ఆ పక్కనే కూచోని బీడీ తాగుతుండాడు. అరిచి చెప్తే తల ఊపినాడు గానీ లేచి చూడలా" అంది. గుడ్డు పెట్టిన పెట్ట ఊరికి చెప్పకుండా ఊరుకోదు. నీకే చేరలేదు. చొప్పవామి వెనక, వసారాలో పాత గంపలో చెయ్యి పెట్టి చూడు. తొలి గుడ్లు చిన్నగా ఉంటాయి, ఏ పావురానివో అనుకుని పారేసేవు. అన్నీ తీయకుండా ఒకటి అక్కడే ఉంచు, లేకపోతే చోటు మారుస్తాయి.

కందులు ఎండబెట్టావా? నా నీలం దుప్పటి అల్లుడొస్తే ఇచ్చి పంపు. గురవమ్మను అడిగానని చెప్పు. వేళకు తిను.

మీ నాయన చెవుడు నీకొచ్చింది, మనవరాలికీ వస్తుందేమోనని నీ భయం. నువ్వు అడగలేదు, నేనే చెబుతున్నా. నిన్న నా చేతిలో పళ్లెం జారి పడితే, నిద్రపోతున్న పాప ఉలిక్కిపడి లేచి ఏడ్చింది. నీ పోలిక ముక్కు దగ్గరే ఆగిపోయింది.

అనూష అమ్మ