రాయి వేసే ముందు

రెంటచింతల,
అక్టోబరు 12.

నా తల్లి నిరోషకు అమ్మ దీవించి రాసేది. దేవుడి దయవల్ల ఇక్కడ నేనూ, గేదే, ఇరుగుపొరుగూ బాగానే ఉన్నాం. చెన్నైలో నువ్వూ, అల్లుడుగారూ, పాపా చల్లగా ఉన్నారని తలుస్తాను. మోకాళ్ల మందులు అందాయి, వాడుతున్నాను.

పాప బడిలో రాయాలట, అమ్మమ్మ ఎక్కడ పుట్టిందని అడిగావు. సాగర్ డ్యామ్ కట్టేటప్పుడు కూలీల గుడిసెల్లో పుట్టానని రాయమను. మా అమ్మానాన్న అక్కడ రాళ్లు మోశారు. కాలవకు మొదట నీళ్లొచ్చిననాడు నాన్న నన్ను భుజానెక్కించుకుని చూపించాడు. అంతకుముందు మాకు జొన్నకూడే. ఆ నీళ్లొచ్చాకే వరి అన్నం. నువ్వు చంకలో ఉండగా ఊళ్లో రాత్రిబడి పెట్టారు. జయకర్ మాస్టారు విసుక్కోకుండా అక్షరాలు దిద్దించారు. ఆయన పుణ్యానే ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను.

సమాధుల పండక్కి మీ అన్నయ్య సమాధి మీద పేరు చెక్కిన నల్లరాయి వేయిద్దామా అని కూడా అడిగావు. దానికి వెంటనే జవాబు రాయలేకపోయాను. ఫోన్లో చెప్పే మాట కాదని ఇప్పుడు రాస్తున్నాను.

కరోనాలో సుధీర్ పోయిననాడు నేను మాచర్ల ఆస్పత్రిలో ఉన్నాను. నిన్ను రానివ్వలేదు. వాడి ముఖం మనమెవరం చూడలేదు. మసీదు కుర్రాళ్లు వాణ్ణీ, మన వీధి పాపమ్మ భర్త కృపానందాన్నీ ఒకే సాయంత్రం పక్కపక్కన పూడ్చారు. ఎడమ పక్కది మనవాడిదని ఎవరో చెప్పారు. ఏటా దానికే సున్నం వేసి, బంతిపూలు పెట్టి, ఏడ్చి వచ్చేదాన్ని.

మొన్న ఆ కుర్రాళ్లలో ఒకడు, నదీం, హైదరాబాదు నుంచి వచ్చాడు. దణ్ణం పెట్టి, సమాధుల దగ్గరికి వెంటబెట్టుకెళ్లాను. వాడు నిలబడిపోయాడు.

"పెద్దమ్మా, మీవాడు ఇక్కడ కాదు. కుడిపక్కది. పొడుగు మనిషి గదా, గుంట చాలకపోతే కాళ్లకాడ నేనే మళ్లీ తవ్వా."

కుడిపక్క దిబ్బ పొడుగ్గానే ఉంది. ఇన్నేళ్లూ నా కళ్లకు ఆనలేదు. నాకు కోపం రాలేదమ్మా. మనం దగ్గరికి పోలేని రోజున నా కొడుకు కాళ్లు ముడుచుకోకుండా పడుకోవాలని ఒక తల్లి బిడ్డ ఆలోచించాడు. ఆ చేతులు కళ్లకద్దుకున్నాను.

పాపమ్మకు చెప్పడానికి భయపడ్డాను. తన భర్తదనుకుని ఆమె ఏటా మనవాడి సమాధికి సున్నం వేస్తోంది. విని, చేతిలో చేట కింద పెట్టింది.

"ఏందొదినా, బతికినన్నాళ్లూ ఇంటికి సున్నం ఎయ్యమంటే ఎయ్యలా మా ఆయన. చచ్చి నీ చేత ఏయించుకున్నాడు" అంది.

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఏడ్చాం.

"నీ కొడుక్కి నేనేం తక్కువ చెయ్యలా" అంది మళ్లీ. నిజమే. ఆ దిబ్బ మీద ఒక్క గడ్డిపోచ మొలవనివ్వలేదు ఆమె.

అందుకని రాయి కుడిపక్కదానికి వేయాలి. మామూలు కొలత చాలదు, చెక్కేవాణ్ణి పొడుగు రాయి తీయమను. ఇంకొకటి. పండగనాడు మనవాడి దగ్గర మొదటి కొవ్వొత్తి తనే వెలిగిస్తానంది పాపమ్మ. అలవాటైపోయిందట. సరేనన్నాను. రెండోది నువ్వు వెలిగించు.

ఇట్లు,
నిన్నూ సుధీర్‌నూ కన్న అమ్మ,
శాంతమ్మ