బూడిద కలిపిన ఇటుకలు

నాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. చర్చి వెనక నీ సమాధి కట్టిస్తున్నాను. మేస్త్రీది కారేపల్లి. ఇటుకలు మాత్రం మన బట్టీవే. కరెంటు ప్లాంటు బూడిదను మట్టిలో కలిపి నువ్వు కాల్చినవి. "ఇంటి గోడల్ల బూడిదేంది, అచ్చిరాదు" అని ఊళ్లో ఎవరూ కొనకపోతే, ఇన్నాళ్లూ తాటాకుల కింద పడున్నాయి.

మేస్త్రీ రెండు ఇటుకలు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టి చూశాడు. ఖంగుమన్నాయి.

"గంట లెక్క మోగుతున్నయమ్మా. ఏం మట్టి ఇది?" అన్నాడు.

ఆ మాట కోసం నువ్వు ఎన్ని గడపలు తొక్కావో. బూడిద కలిపినవని చెప్పాను. మేస్త్రీ ఇటుకల్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇల్లు గాదు గద. సమాధికైతే ఏం గాదులే" అన్నాడు.

నువ్వుంటే పని ఆపించి పొద్దుగూకేదాకా ఆయనతో వాదించేవాడివి. బూడిద కలిపితే ఇటుక పగలదనీ, చేలల్లో మట్టి తవ్వడం తగ్గుతుందనీ మొదటి నుంచి చెప్పుకొచ్చేవాడివి. నాకంత ఓపిక లేదు నాన్నా. ఇంకో ఇటుకను నీళ్లలో ముంచి ఆయన చేతికందించాను.