బ్రాకెట్లో నాయన

నాయనా,

రేపటికి నువ్వు పోయి ఏడాది. అమ్మ నా పక్కనే కూర్చుని బియ్యం ఏరతాండాది. నాకు మాత్రం ఈ పొద్దు కొత్తచెరువు బడిలో జరిగింది నీకు చెప్పేదాకా నిలకడ లేదు!

చదివింది అర్థం చేసుకోవడం నేర్పాలని నాలుగో తరగతి పిల్లోళ్లకు ఒక చిన్న నాటిక రాసినా. ధర్మవరంలో పట్టుచీర నేసే నాయన, ఆయన కూతురు, అంతే. మొదట, ఎవరు ఏం చేయాలో బ్రాకెట్లో రాసింది కూడా గట్టిగా చదివేసినారు. కూతురి వేషం వేసిన పిల్ల "పరుగెత్తుకుంటూ వచ్చి నాయనా నేను పాసైనా!" అని అరిస్తే నవ్వలేక చచ్చినా. బ్రాకెట్లు పైకి చదవొద్దంటే, వాటిని చూడడమే మానేసినారు.

అయిపోయినాక అడిగినా: "కూతురు పాసయిందని ఆ నాయనకు సంతోషమేనా?"

"లేదు టీచర్! 'పోయి బువ్వ తిను' అన్యాడు, అంతే!" అని అందరూ ఒకటే కేక.

రేణుక ఒక్కతే కాగితం మీద వేలు పెట్టుకుని లేచింది. "ఉండాది టీచర్. ముందర బ్రాకెట్లో 'నేస్తూ' అని ఉండాది. పాప చెప్పినాక 'మగ్గం ఆపి' అని ఉండాది. సంతోషం లేకపోతే ఎందుకు ఆపుతాడు?"

ఎగిరి గంతేసినా నాయనా! పిల్లోళ్లంతా బ్రాకెట్లు వెతుక్కుంటా మళ్లీ మొదటినుంచి చదివినారు.

నాకు టీచరు ఉద్యోగం వచ్చిందని చెప్పిన పొద్దు నువ్వూ అదే అంటివి, "పోయి బువ్వ తిను" అని. నేను తినడం అయిపోయేదాకా నీ మగ్గం చప్పుడు వినపడలేదు.