నది చప్పుడు కాదక్కా

అక్కకు నీ చెల్లెలు రాసేది. ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను అని ప్రతిసారీ అలవాటుగా రాసేస్తాను కదా, ఈసారి ఆ మాట దగ్గర చెయ్యి ఆగిపోయింది.

ముందు ఒక పని చెయ్యి. ఈ ఉత్తరం నిలబడి చదవకు. జీపెక్కి, తలుపు వేసుకుని, అద్దం పైకెత్తి అప్పుడు చదువు. సామాను తర్వాత తెప్పించుకోవచ్చు. చిరుత నీతోపాటే నడుస్తోంది. నాకు వేళాకోళం ఆడే ఓపిక లేదు. ఎక్కి కూర్చున్నావనుకుని మిగతాది రాస్తున్నాను.

అమ్మ మోకాలు ఎలా ఉందని అడిగావు. ఆపరేషన్ కుట్లు విప్పేశారు. మంచం దిగాలంటే ఇంకా నా భుజం కావాలి, అందుకే నేను బయల్దేరి రాలేకపోయాను. కాలు వంచడం నేర్పించే అమ్మాయి రోజూ వస్తోంది. "వంగేదైతే నేనే వంచనా, నీ చేత చెప్పించుకోవడం దేనికి" అని ఆ పిల్లతో దెబ్బలాట. నీ పాత బూట్లు పారేశానా అని అడిగావు. పారెయ్యలేదు, నీ మంచం కింద కంపు కొడుతూ పడున్నాయి. బ్యాటరీలు పంపమన్నావు. పంపడం లేదు, వాటితో ఇక పని లేదు. దగ్గు తగ్గిందా అని నేనడిగితే "ఎప్పుడో పోయింది" అని రాశావు. పోలేదని నాకు తెలుసు. ఎలా తెలుసో చెప్తాను.

మొదటి నుంచీ చెప్పకపోతే "దీనికి పిచ్చి పట్టింది" అని జీపు దిగిపోతావు. గట్టు మీద చెట్టుకి నువ్వు కట్టిన కెమెరా ఉంది కదా, ఎదుట ఏది కదిలినా తనంతట తనే తీసేది. దానికి చిరుత చిక్కినప్పుడు నువ్వే రాశావు, "అన్నీ సాయంత్రం ఆరు ప్రాంతంలోవే. పొద్దున గట్టు కింద బాట నాది, సాయంత్రం గట్టు దానిది, మా ఇద్దరికీ పేచీ లేదు" అని. నేనూ నవ్వుకున్నాను. ఆ మసక వెలుతురులో బొమ్మంతా నలుపు తెలుపుల్లో వస్తుంది, చూసి పొద్దో సాయంత్రమో చెప్పలేం. కింద గడియారం ఏం చూపిస్తే అదే నమ్మాం.

నీటికుక్కలు ఎంత ముద్దుగా ఈదినా గంట సేపు ఎవరు చూస్తారు, కాస్త భయం ఉండాలని మన సినిమా కొంటున్న ఛానల్ ఆవిడ పట్టుబట్టింది. అందుకే ఆ చిరుతని తెచ్చి సినిమా మధ్యలో పెట్టాను. నడుస్తూ నడుస్తూ అది టక్కున ఆగి కిందికి తల తిప్పే క్లిప్ ఉంది చూడు, దాని మీద చదవడానికి ఒక మాట రాసుకున్నాను: నది చప్పుడు వింటోంది. ఎంత బాగా కుదిరిందో అని నాకు నేనే మురిసిపోయాను. అక్కడ నది కాస్త వినపడితే బాగుంటుందని శబ్దం పెంచాను.

నది వినపడలేదక్కా. నీ దగ్గు వినపడింది. రెండు పొడి దగ్గులు, ఆ వెనకే గొంతు సవరించుకోవడం. పక్క మంచం మీద ఇన్నేళ్లు విన్నదాన్ని, నాకు తెలియదా. చిరుత తల తిప్పింది దానికి.

సాయంత్రం ఆరింటికి నువ్వు గట్టు కింద ఎందుకుంటావు? మధ్యాహ్నానికల్లా గుడిసెకి వచ్చేస్తావు. అంటే గడియారమే తప్పు, పొద్దుకీ సాయంత్రానికీ తారుమారైంది. బ్యాటరీలు మార్చినప్పుడు ఒక్కోసారి అలా అవుతుందట. అది పొద్దున, నీటికుక్కల్ని తియ్యడానికి నువ్వు చీకటితో మాటుకి బయల్దేరే వేళకే, నీకు పైన గట్టు మీద నడుస్తోంది. పాత క్లిప్పులన్నీ మళ్లీ తీసి చెవులు రిక్కించి విన్నాను. ఒకదాంట్లో నీ నీళ్ల సీసా మూత తిప్పిన చప్పుడు. ఇంకోదాంట్లో నువ్వు ఎవర్నో గొణుగుతూ తిడుతున్నావు, నన్నే అయ్యుంటుంది. మొదట్లో అది ఆగకుండా తన దారిన పోయేది. తర్వాత ఆగడం మొదలుపెట్టింది.

వారానికోసారి జీపులో వచ్చే మీసాల డ్రైవర్ ఈ పొద్దున తెచ్చిన కెమెరా కార్డు పెట్టి చూశాను. చివరి క్లిప్పులో నీ దగ్గు చాలా దగ్గరగా ఉంది. చిరుత చెవులు నిక్కబొడుచుకుని కాసేపు నిలబడింది. తర్వాత గట్టు వదిలేసి కిందికి దిగింది. క్లిప్ అయిపోయేదాకా ఇంకే చప్పుడూ లేదు.  ఆ కార్డు తీసి చెక్‌పోస్టు డబ్బాలో వేసింది నువ్వే గనక ఆ పొద్దున నీకేమీ కాలేదు. నాకు తెలిసింది అంతవరకే. అక్క కనపడిందా అని అడిగితే, "లేదమ్మా, డబ్బాలో కార్డులున్నాయి, తీసుకొచ్చేశాను" అన్నాడాయన.

ఇక చెప్పక తప్పనిది. ఆ మొదటి దగ్గు నేను విన్నది ఇవాళ కాదు. పోయిన వారం. డ్రైవర్ అప్పటికింకా గుమ్మంలో కూర్చుని టీ తాగుతున్నాడు. వినగానే నాకు భయం వెయ్యలేదు. సంతోషమే కలిగింది. ఈ గదిలో కూర్చుని వేరు వేరు రోజుల ముక్కలు అతికించి, లేని వేటని ఉన్నట్టు చూపించి పొట్ట పోసుకుంటున్నదాన్ని. మొదటిసారి నిజంగా జరుగుతున్న కథ చేతికి దొరికింది. ఒళ్లు తెలియలేదు, వెంటనే ఛానల్ ఆవిడకి ఫోన్ చేశాను. "మీ అక్కకి ఇప్పుడే చెప్పకు. తెలిస్తే ఆమె నడక మారిపోతుంది, మళ్లీ ఇలాంటిది రాదు. ఇంకో కార్డు రానీ" అంది. నేను కాదనలేదు. "అక్కగారికి ఉత్తరం ఏమైనా ఉందామ్మా" అని డ్రైవర్ అడిగితే, ఈసారి లేదండీ అని బ్యాటరీలు చేతిలో పెట్టి పంపేశాను.

జీపు మలుపు తిరిగాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. ఆయన దగ్గర ఫోన్ ఉండదు, నీకేమో గుడిసె దగ్గర అందదు. అటవీ ఆఫీసుకి ఫోన్ చేస్తే, వాళ్ల బండి షెడ్డులో ఉందన్నారు, మీ జీపే ముందెళ్తుందన్నారు. ఇంకో బండి మాట్లాడదామంటే చెక్‌పోస్టు దాటే అనుమతి ఆయన జీపుకొక్కదానికే ఉంది. వారమంతా పొద్దున్నే చీకటితో మెలకువ వచ్చేది, ఈపాటికి అక్క బయల్దేరి ఉంటుంది అనుకుని మంచం పట్టె పట్టుకుని కూర్చునేదాన్ని. చిన్నప్పుడు నన్ను పిరికిదానా అని ఏడిపించేదానివి. పిరికిదాన్నే అయ్యుంటే ఎంత బాగుండేది. భయపడాల్సిన క్షణంలో భయపడి ఉంటే నువ్వీపాటికి ఇంట్లో ఉండేదానివి.

ఆ క్లిప్పులు ఇవ్వనని ఛానల్ ఆవిడకి చెప్పేశాను. నానా మాటలూ అంది, పడ్డాను. చెరిపేశానని నీకు రాద్దామనుకున్నాను. చెరపలేదు. రెండుసార్లు చెరిపేదాకా వచ్చి ఆగిపోయాను. నీ గొంతు ఉంది కదా దాంట్లో అని నాకు నేను చెప్పుకున్నాను, అదొక్కటే కారణమో కాదో నాకే తెలియదు.

అమ్మకి ఇదేమీ తెలియదు. ఇందాక నా ముఖం చూసి, "ఏమే, అట్లా పాలిపోయావు, ఎవరేమన్నారు" అంది. కళ్లు లాగుతున్నాయమ్మా అన్నాను. "పెద్దది ఎప్పుడొస్తుందిట" అని అడిగింది. ఈ పూటే వస్తుందని చెప్పేశాను. ఆవిడ వెంటనే నీ పక్క దులపమంది, దులిపాను.

డ్రైవర్ బయట తొందరపెడుతున్నాడు. ఉత్తరం డబ్బాలో వెయ్యొద్దు, గుడిసె దాకా హారన్ కొడుతూనే వెళ్లి చేతికే ఇవ్వండి, ఎక్కించుకునే రండి అని చెప్పాను. అలాగేనమ్మా అని జీపు దాకా వెళ్లినవాడు మళ్లీ వెనక్కి వచ్చి, "అక్కగారు కనపడకపోతే ఉత్తరం ఏం చెయ్యమంటారు" అని అడిగాడు. ఒక్క నిమిషం ఉండండి అని లోపలికొచ్చి ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. ఆయనకి ఏం చెప్పాలో నాకు తోచడం లేదు.

ఇట్లు,
నీ ఒక్కగానొక్క చెల్లెలు