ఆగాలో సాగాలో చెప్పేది నేనే

ఫిబ్రవరి 3, ఉదయం

చెప్పేది నేను, రాసేది మా ఆడపడుచు. నాకు అక్షరం రాదు, ఆవిడకి నోరు ఊరుకోదు. చెప్పింది చెప్పినట్టు రాయకపోతే కాఫీ ఉండదని ముందే చెప్పాను. కామాలు కూడా నువ్వే చెప్తావా వదినా అంది. అవసరమైతే చెప్తాను.

ఇది ఎవరికీ చూపించడానికి కాదు. రేపు ఎవడైనా, ముసలిది తెలియక అడ్డం పడిందని అంటే, ఏ రోజు ఏం జరిగిందో ఒకచోట ఉండాలి.

సంగతి ఇది. మాది ఆసుపత్రి బట్టలు ఉతికే లాండ్రీ. దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గౌన్లు వ్యాన్లలో వస్తాయి, ఉడికి, ఆరి, ఇస్త్రీ అయి తిరిగి వెళ్తాయి. మా ఆయన పోయాక దీన్ని నిలబెట్టింది నేను. ఏ వార్డు మూటకి ఏ ముడి వేయాలో నేర్పింది నేను. పిల్లల వార్డుకి జారుముడి, కాన్పుల వార్డుకి రెండు చెవుల ముడి, ఆపరేషన్ గదికి పీటముడి. షెడ్డులో సగం మందికి చదువు లేదు. చేత్తో తడిమితే చాలు, మూట ఎవరిదో తెలుస్తుంది.

ఇప్పుడు ఆసుపత్రి వాళ్ళు ప్రతి దుప్పటీ ఎక్కడుందో కంప్యూటర్లో కనిపించాలంటున్నారు. కనిపించకపోతే ఏప్రిల్ ఒకటి నుంచి పని వేరేవాళ్ళకి. ఆ పని పోతే షెడ్డులో సగం మంది ఇంట్లో కూర్చోవాలి. ఆ ఏర్పాటు చేయించడానికి మా అబ్బాయి ఒక కన్సల్టెంటుని పిలిచాడు. నాకు చెప్పకుండా పిలిచాడు. అదీ నా కేసు.

ఫిబ్రవరి 5

ఆ కన్సల్టెంటు వచ్చింది. నడివయసు మనిషి, కళ్ళజోడు, మోకాళ్ళ నొప్పి. కంప్యూటరమ్మ అని పేరు పెట్టాను. పెట్టె ఏదైనా తెస్తుందనుకుంటే ఉత్త చేతులతో వచ్చి ప్రశ్నలు మొదలుపెట్టింది. ఏ పని ఆగితే ఏది ఆగుతుంది? ఎవరు ఎవరికి చెప్తారు? పిల్లనివ్వడానికి వచ్చినవాళ్ళు కూడా ఇన్ని అడగరు.

నన్ను మేడమ్ అంది. ఇక్కడ మేడమ్‌లు ఎవరూ లేరన్నాను. అయితే మామ్మగారూ అంటానంది. అను.

ఫిబ్రవరి 11, మధ్యాహ్నం

ఆఫీసు గోడ నిండా రంగు కాగితాలు అంటించింది. మొత్తం పని ముక్కలు ముక్కలుగా అక్కడ ఉందట. ముందు ప్రతి బట్టకీ అంచులో చిప్పు కుడతారు. తర్వాత మనుషులకి ఆ చిప్పుని చదివే స్కానర్ నేర్పుతారు. తర్వాత ట్రయల్: పాత పద్ధతీ కొత్త పద్ధతీ పక్కపక్కన నడుస్తాయి. చివరికి మార్చి 25న పాతది ఆపేసి కొత్తదాని మీదే నడవడం. దాన్ని గో-లైవ్ అంటారు. గడువుకి ముందే ఎందుకమ్మా అంటే, పడితే లేవడానికి కాస్త చోటుండాలి కదా మామ్మగారూ అంది. ఆ మాట నచ్చింది.

ఒక్కో కాగితం చదివించుకున్నాను. ఎర్ర కాగితం దగ్గర కంప్యూటరమ్మ ఆగింది. గో-లైవ్ రోజు మధ్యాహ్నం పన్నెండింటికి ఒక మనిషి చెప్పాలి: ఆగాలా, సాగాలా. ఆ మనిషి మాటే ఆఖరు. ఎవరి పేరుందంటే, మా అబ్బాయిది.

కొట్టేయమన్నాను. అమ్మా, నీకు స్క్రీన్ చదవడం రాదు కదా అన్నాడు. ఇల్లు అంటుకుంటే ఆర్పమని చెప్పడానికి చదువెందుకురా అన్నాను. ఇస్త్రీ మేస్త్రి నవ్వబోయి దగ్గాడు.

కంప్యూటరమ్మ ఎవరి పక్షమూ మాట్లాడలేదు. యజమాని అన్నంత మాత్రాన ఎవరి పేరూ ఆ కాగితం మీద రాయనంది. ఆ రోజు ఏం జరుగుతోందో చూసి చెప్పగల మనిషి పేరే రాస్తానంది. ట్రయల్‌లో చూపించండి మామ్మగారూ, రాస్తాను అంది.

నా షెడ్డులో నాకే పరీక్ష! ఒళ్ళు మండింది. అయినా తప్పు మాటా కాదు.

ఫిబ్రవరి 12

ఆడపడుచు అంటుంది, ఈ వయసులో ఎందుకొదినా, వాడికి వదిలేయమని. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? రాయి.

ఫిబ్రవరి 20

నేను అడిగినవి: స్క్రీన్ మీద వార్డుకో బొమ్మ. అంతా సరిగా ఉంటే పచ్చ, లేకపోతే ఎరుపు. ముడుల బొమ్మలు కూడా పెట్టాలి. మేస్త్రి గొంతుతో కేక వినిపించాలి. వ్యాను ఎక్కడుందో కనపడాలి. ఎవరు ఎంతసేపు టీ తాగారో చెప్పాలి.

మొదటి రెండూ పెడతానంది. మిగతావి ఏప్రిల్ తర్వాత. ఇప్పుడు అన్నీ కావాలంటే ఏదీ రాదు, ఇలా ఒక్కొక్కటీ కలుపుకుంటూ పోయే ప్రాజెక్టులు మునగడం కళ్ళారా చూశానంది. మా అబ్బాయి ముఖం వెలిగిపోయింది, మా అమ్మకి వద్దని చెప్పే మనిషి దొరికిందని. వాడికి తర్వాత చెప్తాను.

మార్చి 3, ఉదయం

ట్రయల్ మొదలు. అందర్నీ నిలబెట్టి చెప్పాను: ముడి లెక్కా స్క్రీన్ లెక్కా సాయంత్రానికి కలవాలి. కలవలేదో, తోలు తీస్తాను.

మార్చి 3, సాయంత్రం

కలిశాయి.

మార్చి 6

రోజూ కలుస్తున్నాయి. ఒక్క గలీబు కూడా తేడా లేదు. సాయంత్రం అయ్యేసరికి బొమ్మలన్నీ పచ్చ. మా షెడ్డంటే ఏమనుకున్నావన్నాను. కంప్యూటరమ్మ నవ్వలేదు. స్క్రీన్ దగ్గరే కూర్చుని దేనికోసమో వెతుకుతోంది.

మార్చి 8, మధ్యాహ్నం

చెప్పడానికి సిగ్గుగా ఉంది. అయినా రాయి.

కంప్యూటరమ్మ నన్ను స్క్రీన్ ముందు కూర్చోబెట్టింది. ఏ పూట ఎన్ని బట్టలు స్కాన్ అయ్యాయో గీతలు చూపించింది. పొద్దుటి నుంచి చదునుగా ఉంది. సాయంత్రం ఒక్కసారిగా తాడిచెట్టంత లేచింది. అర్థం కాలేదు. మేస్త్రిని పిలిచింది.

మేస్త్రి కక్కేశాడు. పగలంతా పని ముడులతోనే చేస్తున్నారు. సాయంత్రం టీ అయ్యాక అందరూ కూర్చుని, ముడి లెక్కకి సరిపోయేలా గబగబా స్కానర్ కొట్టేస్తున్నారు. ఎందుకురా అంటే, మీ భయానికేనమ్మగారూ, కలవకపోతే తోలు తీస్తానన్నారుగా అన్నాడు. తీయమన్నట్టే నిలబడ్డాడు వెధవ.

అంటే ట్రయలే జరగలేదు. అన్ని రోజులూ మా ముడులకి మేమే మార్కులు వేసుకున్నాం.

కంప్యూటరమ్మ తప్పు తనదీ ఉందంది. ఎదురుగా షెడ్డు పెట్టుకుని అంకెలు చూస్తూ కూర్చుందట. తేడా ఎక్కడొస్తుందో చూడ్డానికే ఈ ట్రయల్ మామ్మగారూ, మీరేమో తేడా రావద్దన్నారు అంది.

మా అబ్బాయి ఆసుపత్రి వాళ్ళ కాళ్ళు పట్టుకుని గడువు అడుగుదామన్నాడు. ఎవరి కాళ్ళూ పట్టుకునేది లేదన్నాను. రెండు పడవల మీద కాళ్ళేసి నిలబడ్డాం, ఒక పడవ తన్నేయాలి.

మార్చి 8, సాయంత్రం

తన్నేశాను. రేపటి నుంచి ఆపరేషన్ గది మూటలకి తప్ప దేనికీ ముడి లేదు. తేడా వస్తే ఎవరినీ ఏమీ అనను, తేడా దాచితే మాత్రం ఊరుకోను. పక్కపక్కన రెండూ వద్దు. కంప్యూటరమ్మ కాగితాలు పీకి మళ్ళీ అంటించింది.

మార్చి 9

నరకం.

మార్చి 12

కాన్పుల వార్డు దుప్పట్లు పిల్లల వార్డుకి పోయాయి. తడి కుప్పని స్కానర్ చదవడం లేదు. ఆడవాళ్ళు ముడి లేని మూటని పట్టుకుని, పేరు మర్చిపోయిన మనిషిని చూసినట్టు చూస్తున్నారు. నా చేతులు కూడా ముడి కోసం తడుముతున్నాయి. వెనక్కి కట్టుకున్నాను.

కంప్యూటరమ్మ ఇప్పుడు ఆఫీసులో కూర్చోవడం లేదు. మోకాళ్ళు పట్టుకుని డ్రైయర్ల పక్కనే స్టూలు వేసుకుంది. ఏ తేడా ఎందుకు వచ్చిందో మేస్త్రీ తనూ వాదించుకుంటారు. తడిగా ఉన్నప్పుడు మానేసి ఆరాక స్కాన్ చేయాలని తేల్చారు.

మార్చి 19

కంప్యూటరమ్మ మా అబ్బాయి ఎదురుగానే అడిగింది: ఇప్పుడు స్క్రీన్ ఏం చెప్తోంది మామ్మగారూ?

చూశాను. కాన్పుల వార్డు ఎర్రగా ఉంది. వచ్చినన్ని వెళ్ళలేదు. పోలేదు, ఇస్త్రీ బల్ల దగ్గర ఆగి ఉన్నాయి, ఎందుకంటే ఆ బొమ్మ కింద గీత అక్కడ లావుగా ఉంది. వెళ్ళి చూశారు. ఉన్నాయి.

ఎర్ర కాగితం మీద మావాడి పేరు కొట్టేసి నా పేరు రాసింది. వాడే పెన్ను అందించాడు. అమ్మా, తప్పయితే నీదే అన్నాడు. మరి ఎవరిదవుతుందిరా?

మార్చి 25, పన్నెండు దాటాక

గో-లైవ్. పొద్దుటి నుంచి అన్నీ పచ్చగా ఉన్నాయి, ఆపరేషన్ గది ఒక్కటే ఎరుపు. గౌన్లు ఎక్కడున్నాయో షెడ్డుకి తెలుసు, స్క్రీన్‌కి తెలియదు. దానికి ముడి తీసింది ఈ రోజే.

పన్నెండయింది. అందరూ నా ముఖం చూస్తున్నారు. ఇంత పోట్లాడిన ముసలిది దూకమంటుందనే అనుకున్నారు. మావాడు కూడా సాగిద్దామమ్మా, ఒక్క వార్డే కదా అన్నాడు.

ఆ ఒక్క వార్డులో మనిషి కడుపు కోసి పెట్టి ఉంటారు. గౌను రాలేదని అక్కడ ఎవరూ ఆగలేరు.

ఆగమన్నాను. షెడ్డంతా మళ్ళీ ముడులు వేశారు. కంప్యూటరమ్మ సరే మామ్మగారూ అని స్టూలు తీసుకుని ఆపరేషన్ బట్టల దగ్గర వేసుకుంది. ఇంకా ఆరు రోజులున్నాయి.

ఇంటికొచ్చాక ఆడపడుచు అడిగింది, ఓడిపోయినట్టు లేదా అని. ఆకలేస్తోందని చెప్పాను.

మార్చి 28

ఆపరేషన్ గౌన్లకి చిప్పు మందపాటి అంచులో పడి స్కానర్‌కి అందడం లేదు. విప్పి వేరేచోట కుట్టారు. షెడ్డంతా కుట్టింది. నేనూ కుట్టాను.

మార్చి 30

పన్నెండింటికి అన్నీ పచ్చ. సాగమన్నాను. తర్వాత కుర్చీలోనే నిద్ర పట్టేసింది. షెడ్డులో పగలు నిద్రపోవడం పుట్టి బుద్ధెరిగాక లేదు. లేచేసరికి వ్యాన్లన్నీ వెళ్ళిపోయాయి. లేపనందుకు అందర్నీ తిట్టాను.