వెనక సీటు మీద తమ్ముడు

మంగళవారం, దిల్‌సుఖ్‌నగర్

రేపు ఎల్బీనగర్‌లో తమ్ముడికి కంటి ఆపరేషన్. తీసుకురావడానికి నేను తప్ప ఎవరూ మిగల్లేదు. పొద్దున్నే బండి మీద పోచంపల్లిలో వాడింటికి వెళ్లాను.

"గీ వయసుల బండి మీద అచ్చినవా? పడేస్తవేమోనే!" అన్నాడు గుమ్మంలోనే. పాతికేళ్లు మాటల్లేని వాడు పరాచికాలాడితే కోపం రావాలి. రాలేదు.

నాన్న పోయినప్పుడు నాకు కబురు పెట్టకుండా వాడే తలకొరివి పెట్టాడు. పెద్దకొడుకుని నేను. తర్వాత ఎన్ని పుస్తకాలు చదివినా, వాడిని కడిగేయడానికి మాటలే ఏరుకున్నాను.

చలానా భయంతో ఇద్దరం హెల్మెట్లు పెట్టుకున్నాం. ఒకప్పుడు సైకిల్ మీద డబల్ వెళ్లిన దారే. అప్పుడు వాడు వెనక గొణిగినా వినపడేది. బాటసింగారం దగ్గర, పళ్ల లారీల మధ్య, దాచుకున్నవన్నీ అనేశాను. వాడు బదులివ్వలేదు. సిగ్గుపడ్డాడనుకున్నాను. తేలికపడతాననుకున్నాను, అదీ లేదు.

ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర ఆగితే వాడు హెల్మెట్ అద్దం ఎత్తి నా భుజం తట్టాడు.

"అన్నా, బాటసింగారం కాడికెల్లి చెప్తనే ఉన్న. అంత ఇన్నవా?"

నాకు ఒక్క ముక్క వినపడలేదు. నావీ వాడికి చేరలేదన్నమాట.

"ఇన్న."

"మరి ఏమంటవ్?" భుజం పట్టుకుని అడిగాడు.

వెనక హారన్లు మొదలయ్యాయి. "సరే తియ్" అన్నాను.

ఇంటిదాకా వాడు నా భుజం మీద చెయ్యి తీయలేదు. ఇప్పుడు పక్కగదిలో హాయిగా గురక పెడుతున్నాడు. దేనికి సరే అన్నానో లేపి అడగాలి.